పెల్లెట్ పొయ్యి కొన్నాం: అరిసెలకు భేష్, పూతరేకులకు మాత్రం వద్దు

ముందే చెప్పేస్తున్నాను, ఇది చలిదేశాల్లో హాల్లో పెట్టుకుని వెచ్చబడే పెల్లెట్ స్టవ్ గురించి కాదు. కొత్తపేట పక్కన పల్లెటూళ్ళో ఉంటూ, సంక్రాంతి రాత్రి కూడా ఫ్యాను ఒకటో నంబరులో పెట్టుకుని పడుకునే నేను గది వెచ్చబెట్టే పొయ్యి కొన్నానంటే మావాళ్ళు నన్ను ఎవరికైనా చూపిస్తారు. ఇది వంట పొయ్యి. రంపపు పొట్టునో ఊకనో మిషన్లో గట్టిగా నొక్కి సుద్దముక్కల్లా చేసిన గుళికలు ఇందులో పోస్తాం, అడుగున ఉన్న చిన్న బ్లోయరు గాలి కొడుతుంది, అది మండుతుంది. దసరాకి కొన్నాం. సంక్రాంతి ఆర్డర్లు చాలామటుకు దీని మీదే లాగాం కాబట్టి ఇప్పుడు రాస్తే ఎవరికైనా పనికొస్తుందనిపించింది.

మా అమ్మ ఆర్డర్ల మీద పిండివంటలు చేస్తుంది. అరిసెలు, జంతికలు, పోకుండలు, సున్నుండలు. మామూలు రోజుల్లో వారానికి ఒకటో రెండో ఆర్డర్లు, ధనుర్మాసం వచ్చిందంటే రోజుకి పది పన్నెండు కేజీలకు తక్కువ ఉండదు, హైదరాబాదు పార్సిళ్ళు, అమెరికా పార్సిళ్ళు, పొయ్యి చల్లారే టైమే ఉండదు. ఇంటి ఎర్ర గ్యాసుబండ వ్యాపారానికి వాడకూడదు, పెద్ద నీలం బండే కొనాలి, 19 కేజీలది. పండగ నెలలో అది నాలుగు రోజులు వస్తే గొప్ప. బియ్యం, బెల్లం, నూనె, పనికొచ్చే ఇద్దరు అమ్మాయిల కూలి తీసేశాక మిగిలేదాంట్లో సగం బండే మింగేస్తోంది. దీపం పథకం కింద ఏడాదికి మూడు బండలు ఉచితంగా వస్తున్నాయి కదా అని ఒకాయన సలహా ఇచ్చాడు, అవి ఇంట్లో అన్నం కూరలకండీ, అరిసెలమ్ముకోడానికి కాదు.

మరి కొబ్బరి డొక్కలూ మట్టలూ ఉన్నాయి కదా, కోనసీమలో పొయ్యిలోకి కొనడమేంటి అంటారా. నిజమే, పెరట్లో గుట్టలు పడున్నాయి. పొగ ఎవరు పీలుస్తారు? అమ్మకి అరవై దాటాయి, రెండేళ్ళ నుంచి ఆయాసం, కట్టెపొయ్యి దగ్గర గంట కూర్చుంటే రాత్రంతా దగ్గు. ఇంకో చిత్రం చెప్తాను. మా నేల కింద గ్యాసుంది. 1995లో పాశర్లపూడి బావి పేలి రెండు నెలలకు పైగా మండింది, రాత్రిపూట మేడెక్కితే ఆకాశం ఆ వైపు ఎర్రగా కనపడేది, నాకప్పుడు ఎనిమిదేళ్ళు. ఆ గ్యాసు పైపుల్లో ఎక్కడికో పోతుంది, మేం బండ ఎప్పుడొస్తుందా అని ఫోన్లు చేస్తూ ఉంటాం. సరే, అది వేరే గొడవ.

పొయ్యి 14,500 పడింది, గొట్టం, బిగింపు కలిపి ఇంకో మూడు వేల చిల్లర. అమ్మిన షాపు పేరు రాయను, ఎందుకో కింద చదివితే తెలుస్తుంది. అమ్మేటప్పుడు వాళ్ళు చెప్పిన లెక్క వినండి, ఇది మీక్కూడా చెప్తారు. కేజీ గ్యాసులో పదకొండు వేల కిలో కేలరీల దాకా వేడి, కేజీ పెల్లెట్లో నాలుగు వేలు, అంటే పెద్ద బండకి 50 కేజీల పెల్లెట్లు సమానం, కేజీ 14 రూపాయలు, మొత్తం ఏడొందలు, బండ మీద సగానికి సగం మిగులు అని. వినడానికి బావుంది. అందులో చెప్పనిది ఏంటంటే, గ్యాసు పొయ్యి మీద గిన్నెకి చేరే వేడి వేరు, దీని మీద చేరేది వేరు. ఇక్కడ గొట్టంలోంచి పోయేది పోతుంది, ఇనుము కాగడానికి పోయేది పోతుంది. మా ఇంట్లో పుస్తకంలో రాసి మరీ చూశాం, బండ స్థానంలో మాకు 75 నుంచి 80 కేజీలు పట్టింది. అంటే పదకొండొందలు. బండకన్నా తక్కువే, కాదనను, కానీ ఏడొందలు మాత్రం కాదు.

బిగించడానికి రాజమండ్రి వైపు నుంచి ఒక కుర్రాడొచ్చాడు. మంచివాడే, మాటకి ముందు "ఆయ్", మాట చివర "అండి". వచ్చీ రాగానే నడుమెత్తు ఇనప స్టాండు దింపాడు, దాని మీద పొయ్యి, నిలబడి వండాలట. అమ్మ దాన్ని కింద నుంచి పైదాకా చూసి, "అబ్బాయ్, నిలబడి అరిసెలు ఒత్తేవాళ్ళని నువ్వెక్కడైనా చూశావా?" అంది. లేదండి. అంతే. స్టాండు కాళ్ళు వెల్డింగు షాపులో కోయించి, మూడు వరసల ఇటుకలతో దిమ్మ కట్టి, అమ్మ పీట మీద కూర్చుంటే మోచేతికి బూరెలమూకుడు అంచు తగిలే ఎత్తులో పెట్టాం. కొనేవాళ్ళు ముందు ఈ ఎత్తు సంగతి చూసుకోండి. కేటలాగులో బొమ్మ చూసి ఎవరూ ఆలోచించరు, తర్వాత నడుం నొప్పి వస్తుంది.

పొయ్యి పెరట్లో షెడ్డులో పెట్టాం, పైన పాత సిమెంటు రేకులు. గొట్టం పైకి వెళ్ళాలంటే రేకుకి కన్నం పెట్టాలి. ఆ అబ్బాయి గ్రైండరు ఆన్ చేసేశాడు, కింద అమ్మ తడిపిండి జల్లిస్తోంది. ఆపమని అరిచాను. పాత సిమెంటు రేకుల్లో ఉండేది ఆస్‌బెస్టాస్, ఆ ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతే బయటికి రాదు, అది పిండిలోనూ పడకూడదు ముక్కులోకీ పోకూడదు. ఆ ఒక్క రేకు దింపి, దాని చోట జింకు రేకు వేసి, దానికి కన్నం చేయించాం. నాలుగొందలు ఎక్కువైంది, అరపూట పోయింది. గొట్టం నాలుగంగుళాలది, మొదట రెండు వంపులు తిప్పి గోడ పక్క నుంచి తీసుకెళ్ళాడు, చూడ్డానికి నీటుగా ఉంది. మర్నాడు సముద్రం గాలి తిరిగేసరికి పొగంతా వెనక్కి, షెడ్డులోకి. మళ్ళీ పిలిపించి ఒక వంపు తీయించి, గొట్టం రేకు పైన ఇంకో మూడడుగులు లేపాక కుదురుకుంది.

ఇక మొదటిసారి వెలిగించడం. కొత్త పొయ్యికి రంగు వాసన పోవడానికి ఏమీ పెట్టకుండా గంటసేపు మండించాలన్నాడు, అది చేశాం, ఘాటుగా కంపు కొట్టింది. తర్వాత అసలు ముహూర్తం. కొత్త పొయ్యంటే పాలు పొంగించాలి కదండీ. ఆ అబ్బాయి బతిమాలాడు, "అమ్మగారూ, పాలు కాయండి కానీ పొంగనివ్వకండి, లోపల పడితే ఇబ్బందండి" అని. అమ్మ వింటుందా. పాలు పొంగకపోతే అది పాలు పొంగించడం ఎలా అవుతుంది? కొత్త గిన్నెకి పసుపు రాసి, అంచుదాకా పాలు పోసి, తూర్పు వైపుకి కాస్త వంచి పెట్టింది. గ్యాసు మీదైతే పొంగు లేచేటప్పుడు ఇట్టే తగ్గిస్తాం. దీనికి రెగ్యులేటరు తిప్పినా లోపలున్న నిప్పు వెంటనే తగ్గదు, గాలి మాత్రమే తగ్గుతుంది. పాలు తూర్పుకీ పొంగాయి, పడమరకీ పొంగాయి, నిప్పు గూడులోకీ దిగాయి. బుస్సుమని ఆవిరి, దాని వెనక తెల్లటి పొగ, మాడిన పాల వాసన. మంట పోయింది. అమ్మ మాత్రం దణ్ణం పెట్టుకుని "బాగా పొంగాయి" అంది. జాలీ బయటికి తీసి, గట్టిపడిన మీగడంతా చాకుతో గీకేసరికి ఆ అబ్బాయికి బస్సు తప్పిపోయింది, మా ఇంట్లోనే భోంచేసి వెళ్ళాడు.

వెలిగించడం నేర్చుకోవడానికి వారం పట్టింది. షాపువాళ్ళు చెప్పిన పద్ధతి డీజిల్లో ముంచిన గుడ్డ. దాని మీద పిండివంటలా, ఛీ అంది అమ్మ. మేం చేసేది ఇదీ: అడుగున గుప్పెడు పెల్లెట్లు, వాటి మీద పొడిగా ఎండిన కొబ్బరి పీచు, మధ్యలో రెండు కర్పూరం బిళ్ళలు, పైన చిప్ప ముక్కలు నాలుగు. అంటించి, బ్లోయరు అస్సలు ఆన్ చేయకుండా రెండు నిమిషాలు ఊరుకోవాలి, చిప్ప పట్టుకున్నాక గాలి సన్నగా మొదలుపెట్టాలి. మొదటి రోజుల్లో నేను ఆత్రంగా గాలి ఫుల్లుగా తిప్పేవాణ్ణి, ఆరిపోయి పొగ చిమ్మేది. మంట కుదురుకోడానికి మొత్తం ఏడెనిమిది నిమిషాలు. కుదురుకున్నాక మాత్రం చూడాలి, కింద గాలికి పెల్లెట్లు కాగి పొగలాంటి గ్యాసు వదుల్తాయి, పైన అంచు చుట్టూ ఉన్న కన్నాల్లోంచి వచ్చే గాలికి ఆ గ్యాసు అంటుకుంటుంది, గులాబీ రేకుల్లా చుట్టూ లోపలికి వంగిన మంటలు. కళ్ళు మండవు. గిన్నె అడుగున మసి పట్టదు. అమ్మకి ఈ నాలుగు నెలల్లో రాత్రి దగ్గు తగ్గింది, నాకు ఇది ఒక్కటి చాలు, మిగతా లెక్కలు తర్వాత.

పెల్లెట్ల విషయంలో జాగ్రత్త. మా దగ్గర రెండు రకాలు దొరుకుతున్నాయి, రంపపు పొట్టువి, ఊకవి. డెల్టాలో ఊకకి కొదవా, వడ్లు ఆడిస్తే బరువులో అయిదో వంతు ఊకే, మిల్లు ఉన్న ప్రతి ఊళ్ళో కొండలు. అందుకే ఊక పెల్లెట్ కేజీకి మూడు రూపాయలు తక్కువ. సంబరపడి రెండు బస్తాలు తెచ్చాను. ఊకలో బూడిదే పదిహేను ఇరవై శాతం, అందులోనూ ఎక్కువ భాగం సిలికా, అంటే ఇసకలాంటిదే. పది కేజీలు మండిస్తే కేజీన్నర పైన బూడిద, గంటకోసారి ఊచ పెట్టి కదిలించాలి, లేకపోతే జాలీ మూసుకుపోతుంది, బాగా వేడెక్కినప్పుడు ఆ బూడిద కరిగి గాజు పెంకుల్లా గడ్డకట్టి జాలీకి అతుక్కుంది. జంతికలు నూనెలో ఉండగా మంట పడిపోవడం కన్నా చిరాకు ఇంకోటి లేదు. రంపపు పొట్టు పెల్లెట్లకి ఈ బాధ లేదు, పూటకి ఓ డబ్బాడు బూడిద కూడా రాదు. ఊక బూడిదతో అంట్లు తోమితే స్టీలు గిన్నెల మీద గీతలు పడ్డాయి, మొత్తం కొబ్బరి మొక్కల మొదళ్ళలో పోశాం.

అన్నట్టు మా నానమ్మకి ఊక పొయ్యి ఉండేది. పాత నూనె డబ్బాకి కింద పక్కన కన్నం కొట్టి, మధ్యలో రోకలి నిలబెట్టి, చుట్టూ ఊక దట్టించి కూరి, రోకలి మెల్లగా పైకి లాగేస్తే మధ్యలో సొరంగం. కింద నుంచి అంటిస్తే మూడు గంటలు నిబ్బరంగా కాలేది, మధ్యలో ఎవరూ ముట్టుకోకూడదు, ముట్టుకుంటే కూలిపోతుంది. ఈ పొయ్యి చూసినప్పుడల్లా అదే గుర్తొస్తుంది, దానికి ఫ్యాను పెట్టి పద్నాలుగు వేలకి అమ్మారేమో అనిపిస్తుంది. కాదులెండి, దాని పొగ నాకు గుర్తుంది.

చెమ్మ. గోదావరి జిల్లాల్లో దీనికి అసలు శత్రువు చెమ్మే. తుఫాను వానల్లో బస్తాలు షెడ్డులో నేల మీదే ఉంచేశాం, తడవలేదు, పైన టార్పాలిన్ కప్పాం కూడా. మూడో రోజు చూస్తే అడుగు బస్తా ఉబ్బి ఉంది, చెయ్యి పెడితే గుళికలన్నీ మళ్ళీ పొట్టయిపోయి మెత్తగా జారుతున్నాయి. నేలలోంచి పీల్చేసుకుంది. నలభై కేజీలు, అయిదొందల అరవై రూపాయలు, పెంటకుప్పలో పోశాం. ఇప్పుడు మూతున్న నీలం ప్లాస్టిక్ డ్రమ్ముల్లో పోసి, చెక్కల మీద పెడుతున్నాం. కొనేటప్పుడు కూడా చూసుకోండి: మంచి గుళిక నున్నగా మెరుస్తుంది, విరిస్తే టక్కుమంటుంది, గ్లాసు నీళ్ళలో వేస్తే మునుగుతుంది. తేలిందా, బస్తా అక్కడే వదిలేసి రండి. బస్తా అడుగున పొడి ఎక్కువగా ఉన్నా వద్దు, ఆ పొడి గాలికి ఎగిరి మూకుట్లో పడుతుంది.

కరెంటు పోతే బ్లోయరు ఆగుతుంది, బ్లోయరు ఆగితే ఇది పాత కట్టెపొయ్యి కన్నా అన్యాయం, దట్టమైన పసుపు పొగ. మోటారు చిన్నదే, పన్నెండు వోల్టులది, అందుకని బ్యాటరీ మీద పెట్టేశాం. అసలు ఏడుపు వేరే. డిసెంబరు రెండో వారంలో, సరిగ్గా ఆర్డర్లు మొదలయ్యాక, బ్లోయరు కీచుమని అరిచి ఆగిపోయింది. ఏడాది గ్యారంటీ ఉంది. షాపుకి ఫోను చేస్తే "రేపు పంపుతామండి". ఆ రేపు పదకొండు రోజులు నడిచింది. తర్వాత ఫోను ఎత్తడం మానేశారు. టెన్షన్ తట్టుకోలేక రావులపాలెంలో మోటార్లు బాగుచేసే అతని దగ్గరకి తీసుకెళ్తే విప్పి చూసి, లోపల పిండి దుమ్ము చేరి బేరింగు పట్టేసిందన్నాడు, అలాంటిదే ఇంకోటి వేసి 450 తీసుకున్నాడు. గంటలో పని. బ్లోయరు గాలి లాగే వైపు సన్నటి జాలీ గుడ్డ కట్టమని చెప్పిందీ అతనే, అమ్మినవాళ్ళు కాదు. పొయ్యి కొన్నరోజే ఒక స్పేర్ బ్లోయరు కొని బీరువాలో పెట్టుకోండి.

అరిసెల సంగతికొద్దాం. పాకం దగ్గర అమ్మ మొదట్లో భయపడింది, ఉండపాకం వచ్చిన క్షణం దాటితే అరిసె రాయే, గ్యాసయితే చటుక్కున కట్టేస్తాం, ఇది కట్టినా ఆగదు. రెండు రోజుల్లో ఆవిడే దారి కనిపెట్టింది, పాకం చుక్క నీళ్ళలో వేస్తే ఇంకా కాస్త సాగుతూ ఉన్నప్పుడే గిన్నె దించేసి, గిన్నె వేడికే మిగతాది రానిచ్చి పిండి కలిపేస్తోంది. చలిమిడి కుదిరాక ఇక ఈ పొయ్యిదే రాజ్యం. బూరెలమూకుడు పొయ్యి రింగు మీద సరిగ్గా కూర్చుంటుంది, నూనె ఒకే కాక మీద గంటలు గంటలు నిలబడుతుంది, ఒక వాయి వేసినా నాలుగు వాయిలు వేసినా అరిసె రంగు మారలేదు. బండ మీద గ్యాసు అయిపోవస్తుంటే మంట సన్నబడి చివరి వాయి నూనె పీల్చేసేది, ఇక్కడ ఆ గొడవ లేదు. పక్క తొట్టిలో ఇరవై నిమిషాలకోసారి రెండు గుప్పెళ్ళు పోయడమే పని. చిన్న గిన్నెలు మాత్రం పెట్టకండి, రింగు నిండకపోతే మంట పక్కల నుంచి బయటికొచ్చి చెయ్యి కాలుతుంది, నాకు కాలింది. టీ పెట్టుకోడానికి ఇది వెలిగించేవాడు పనిలేనివాడు.

పూతరేకుల ముచ్చట. మా మేనత్తని ఆత్రేయపురం ఇచ్చారు, ఆవిడ చేతి రేకు ఎదర పెట్టి పేపరు చదవొచ్చు. వాళ్ళ ఊరి పూతరేకులకి 2023లో జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చిన దగ్గర్నుంచి మాట కాస్త పెరిగింది కూడా. పొయ్యి చూడ్డానికొచ్చి, "దీని మీద రేకు ఎందుకు రాదు, చూద్దాం పట్రా" అని మర్నాడు బస్సులో కుండ తెచ్చేసింది. జయ రకం బియ్యం పిండి పాలకన్నా పల్చగా కలిపింది. కుండ బోర్లించి రింగు మీద పెట్టాం, గుడ్డ పిండిలో ముంచి కుండ మీద నుంచి లాగింది. నడిమధ్యలో అరచేయంత మేర గోధుమ రంగుకి మాడింది, అంచుల్లో పిండి ఇంకా పచ్చిగా జారుతోంది. గాలి తగ్గించి చూశాం, మాడటం తగ్గింది, రేకు లేవడం మానేసింది. పది రేకులకి రెండు కూడా నిలవలేదు. అత్తయ్య కుండ దింపేసి చెప్పింది, "ఇది ఒక్క చోటే పొడుస్తుందిరా. ఎండు కొబ్బరాకు మంట కుండ లోపలంతా పరుచుకుంటుంది, ఆకు తోస్తే లేస్తుంది, లాగితే పడిపోతుంది, చేతి మాట వింటుంది. ఇది వినదు." ఇంతకన్నా సరైన రివ్యూ నేను రాయలేను, నిజానికి ఈ ముక్కలు రాసుకోడానికే మొదలుపెట్టాను.

ఒక్క హెచ్చరిక. వానప్పుడు పొయ్యి వంటింట్లోకి తెచ్చుకుందామని అమ్మ రెండుసార్లు అడిగింది, నేను ఒప్పుకోలేదు. పొగ కనపడట్లేదు కదా అనిపిస్తుంది, కానీ మంట ఆరాక అడుగున మిగిలిన నిప్పులు అరగంట పైనే కణకణలాడుతుంటాయి, అప్పుడు వచ్చే కార్బన్ మోనాక్సైడుకి రంగూ వాసనా ఉండవు. తలుపులు మూసిన గదిలో మనిషిని తీసేస్తుంది. షెడ్డుకి మూడు వైపులా గోడల్లేవు కాబట్టి ధైర్యంగా వాడుతున్నాం. ఆ మిగిలిన నిప్పుల మీద వేణ్ణీళ్ళ కాగు పెడితే ఇంటిల్లిపాదికీ స్నానాలైపోతాయి, లేదంటే రెండు వంకాయలు పడేస్తే పచ్చడికి కాలతాయి.

నలుగురి ఇంట్లో రోజూ వంటకి దీన్ని కొనకండి, గ్యాసు మీద చేసుకోండి, హాయి. కర్రీ పాయింటు, టిఫిన్ల బండి, పిండివంటల ఆర్డర్లు, రోజుకి మూడు నాలుగు గంటలు ఆగకుండా ఒకే మంట కావాల్సిన వాళ్ళకి పనికొస్తుంది, అది కూడా పెల్లెట్లు ముప్పై కిలోమీటర్ల లోపు దొరికితేనే, ఆటో కిరాయి వేసుకుంటే మిగిలేది పోతుంది. మా నీలం బండ ఒకటి ఇంకా ఉంది, ఇచ్చెయ్యలేదు. గొట్టం పైనున్న టోపీకి నాలుగు నెలలకే ఉప్పుగాలి తుప్పు వచ్చేసింది, స్టీలుది చేయించమని వెల్డింగు అతనికి చెప్పాను, ఎనిమిది వందలు అడుగుతున్నాడు, ఇంకా బేరం తెగలేదు.